వాల్వు తిప్పడానికి చప్పుడు లేని రిలే

డ్రిప్పు వేసుకున్న రైతును అడిగి చూడండి. మోటరు వేయడం కన్నా వాల్వు మార్చడమే పెద్ద పని అంటాడు. గద్వాలలో విత్తన పత్తి, వనపర్తిలో వేరుశనగ, కొల్లాపూర్ వైపు మామిడి... పంట ఏదైనా చీకట్లో పురుగూ పుట్రా చూసుకుంటూ చేన్లోకి పోవాల్సిందే.

2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు అన్నప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పారు. కరెంటు ఉన్నంతసేపూ మోటరు నడిస్తే బోరు ఏం కావాలి? మన బోర్లు చాలావరకు రాతి సందుల్లో ఊరే నీటి మీద బతికేవి. అందుకే గంటల లెక్కన నీళ్లు మార్చే టైమరు, 24 వోల్టుల ఏసీతో పనిచేసే సోలినాయిడ్ వాల్వు మీద కొందరు రైతుల చూపు పడింది.

టైమరుకూ వాల్వుకూ నడుమ ఉండేది రిలే. మామూలు రిలేలో పాయింట్లు టక్కుమని అంటుకుంటాయి, కొన్నాళ్లకు నల్లబడతాయి. చీమలు, బల్లులు దూరితే సరేసరి. సాలిడ్ స్టేట్ రిలేలో కదిలే భాగమే లేదు. లోపల చిన్న దీపం వెలిగితే, ఆ వెలుగుకు ట్రయాక్ అనే ముక్క కరెంటును వదులుతుంది.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. టైమరు వైపు 3-32 వోల్టుల డీసీ, వాల్వు వైపు 24-380 వోల్టుల ఏసీ అని ఉంటే మనకు సరిపోతుంది. 48 వోల్టుల నుంచి మొదలయ్యే రకాలూ అమ్ముతారు, అవి 24కు సరిగా పనిచేయవు. రెండు వైపులా డీసీ అని రాసి ఉన్నది అసలే వద్దు. ఒక్క వాల్వు తీసుకునేది అర ఆంపియరు లోపే కాబట్టి 2 ఆంపియర్ల రిలే చాలు, వేడి పోయే రేకు కూడా అక్కర్లేదు. 5 హెచ్‌పీ మోటరుకు మాత్రం దీన్ని పెట్టకండి. వేడికి కాలిపోతది. దానికి పాత కాంటాక్టరే మేలు.

ఇంకో తిరకాసుంది. రిలే ఆఫ్‌లో ఉన్నా కొద్దిపాటి కరెంటు కారుతూనే ఉంటుంది. వాల్వు వైరు విప్పి మీటరు పెడితే 24 వోల్టులు చూపుతుంది. చెడిపోయిందని పారేయకండి, వాల్వు కలిపి మళ్లీ చూడండి. నిజంగా చెడితే ఇది ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. అంటే వాల్వు మూసుకోదు, ఒకే మడికి రాత్రంతా నీళ్లు పోతాయి. అందుకని ఆ పైపు మీద పాత గేటు వాల్వును తీసేయకుండా ఉంచుకోండి. టైమరులో రెండో వాల్వు తెరుచుకున్నాకే మొదటిది మూసేట్టు పెట్టించండి. లేదంటే నడిచే మోటరు ఒత్తిడికి పైపులు పగులుతాయి.

24 వోల్టులే కదా అని పెట్టె తెరిచి చెయ్యి పెట్టకండి. ట్రాన్స్‌ఫార్మరు అవతలి వైపు 230 వోల్టులుంటాయి. ముందు మెయిన్ తీయండి.