కాచినా పోని సీసం

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ అనే నగరం ఉంది. అప్పట్లో జనాభా దాదాపు లక్ష. ఖర్చు తగ్గించుకోవాలని 2014 ఏప్రిల్‌లో ఆ నగరం డెట్రాయిట్ నుంచి వచ్చే సరస్సు నీళ్లు మానేసి, ఊళ్లో పారే ఫ్లింట్ నది నీళ్లను కుళాయిలకు వదిలింది. ఆరు నెలలు తిరక్కముందే అక్కడి జనరల్ మోటార్స్ ఇంజన్ల కర్మాగారం ఆ నీళ్లు మాకొద్దంది. విడిభాగాలు తుప్పు పడుతున్నాయన్నది దాని ఫిర్యాదు. ఇంజన్లకు పనికిరాని నీళ్లనే జనం మరో ఏడాది తాగారు.

ఆ నీళ్లలో తేలిన సీసం నదిలోంచి రాలేదు. పాతకాలపు సీసపు గొట్టాల్లోంచి వచ్చింది. నీరు గొట్టాన్ని తినేయకుండా ముందే ఫాస్ఫేటు కలుపుతారు. అది లోపలి గోడకు పొరలా పట్టి సీసాన్ని కప్పి ఉంచుతుంది. ఫ్లింట్‌లో దాన్ని కలపలేదు. పైగా నది నీటిలో క్లోరైడ్ ఎక్కువ. పాత పొర ఊడిపోయి సీసం గ్లాసుల్లోకి దిగింది. 2015 సెప్టెంబరులో పిల్లల డాక్టరు మోనా హన్నా-అటీషా లెక్కలు బయటపెట్టారు: ఐదేళ్లలోపు పిల్లల్లో, రక్తంలో సీసం ఎక్కువగా ఉన్నవారు 2.4 శాతం నుంచి 4.9 శాతానికి చేరారు. అధికారులు మొదట ఆమె లెక్కలనే తప్పుపట్టారు. నెల తిరిగేసరికి నగరం మళ్లీ పాత నీళ్లకే మారింది.

నీటిలో కరిగిన సీసానికి రంగు, రుచి, వాసన లేవు. పెద్దల కంటే పిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో 0.01 మిల్లీగ్రాములకు మించకూడదు.

మన ఇళ్లలో సీసపు గొట్టాలెక్కడివి అనిపించవచ్చు. కానీ ఇత్తడి కుళాయిల్లో కొద్దో గొప్పో సీసం ఉంటుంది. పీవీసీ గొట్టాల తయారీలోనూ సీసపు సమ్మేళనాలు వాడేవారు. దాన్ని కట్టడి చేయడానికి కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది, సరే. అంతకుముందు వేసిన గొట్టాలు గోడల్లో అలాగే ఉన్నాయి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో పడిపోయినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల మీదికి మళ్లింది. అయినా సీసం మాట అప్పుడు మన ఇళ్లలో వినబడింది.

బోరు నీళ్లలోని ఇనుము సంగతి వేరు. ఆ నీళ్లు తోడినప్పుడు తేటగా ఉండి, గాలి తగిలాక ఎర్రబారతాయి. బట్టలకు మరకలు పడతాయి గానీ ఇది సీసమంత విషం కాదు. గాలి తగిలేలా ఎత్తి పోసి, ఇసుకలో వడగడితే చాలావరకు పోతుంది.

నీళ్లు కాచి తాగుతున్నాం కదా అన్న ధీమా సీసం విషయంలో పనికిరాదు. కాగితే సూక్ష్మజీవులు చస్తాయి, లోహం చావదు. ఆవిరై నీళ్లు తగ్గేకొద్దీ మిగిలినవాటిలో దాని పాలు పెరుగుతుంది. యూవీ ఫిల్టరూ అంతే, లోహాన్ని అది ముట్టుకోదు. ఆర్వో తీసేస్తుంది, మెంబ్రేన్‌ను వేళకు మారిస్తేనే.

పైసా ఖర్చులేని పని ఒకటుంది. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలోనే సీసం ఎక్కువ. పొద్దున్నే వచ్చే ఆ మొదటి నీళ్లను బకెట్లోకి పట్టి ఇల్లు తుడవడానికి వాడి, తర్వాతివి తాగడానికి పట్టుకోవాలి. గీజరు నీళ్లతో వంట వద్దు. వేడినీరు లోహాన్ని మరింత కరిగిస్తుంది. పులుపుకూ లోహం కరుగుతుంది కనుక రాగి చెంబులో మంచినీళ్లు పెట్టుకోవచ్చు గానీ మజ్జిగ, నిమ్మరసం పోయకూడదు.

చివరగా, ఆర్వో అమ్మేవాళ్లు ముంచి చూపించే టీడీఎస్ మీటరును చూసి నిశ్చింతగా ఉండొద్దు, భయపడొద్దు కూడా. అది కరిగిన లవణాల మొత్తాన్ని చెబుతుందే తప్ప సీసాన్ని పట్టలేదు. అనుమానముంటే పొద్దున్న కుళాయి తిప్పగానే వచ్చే నీళ్లను శుభ్రమైన సీసాలో పట్టి, నీటి పరీక్షల ల్యాబుకు ఇచ్చి, సీసం ఎంతుందో చూడమని పేరు పెట్టి అడగండి. అడగకపోతే మామూలు పరీక్షలతో సరిపెట్టేయవచ్చు.