డిస్కే పోయిందని ఎలా తెలిసింది?

'చదువు కాకుండా సొంతంగా ఏం చేశారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే నేను ఛాతీ విరుచుకుని చెప్పిన సంగతి ఒకటుంది. పాత డెస్క్‌టాప్‌లో మూడు హార్డ్ డిస్కులు పెట్టి, వాటిని ఒకే పూల్‌గా కలిపి ఇంట్లో సర్వర్ నడుపుతున్నానని చెప్పా. ఒకసారి అందులో ఒక డిస్క్ పోతే, కొత్తది వేసి డేటా మొత్తం కాపాడుకున్నానని కూడా చెప్పా. ఎదురుగా కూర్చున్నాయన ఓపిగ్గా విని ఒకే ప్రశ్న వేశారు: 'డిస్కే పోయిందని ఎలా తెలిసింది?'

నా దగ్గర జవాబు లేదు. స్క్రీన్ మీద డిస్క్ పేరు పక్కన ఎర్రర్ కనిపించింది, సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లి తొమ్మిది వేలు పెట్టి కొత్తది కొన్నా. అంతే. ఆ ఉద్యోగం రాలేదు. ఇంటికొచ్చి, మూలన పడేసిన పాత డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించి పరీక్షిస్తే దానికి ఏ రోగమూ లేదు. కొన్ని వారాలకు కొత్త డిస్క్ కూడా సరిగ్గా పాతదానిలాగే పూల్ నుంచి తప్పుకోవడం మొదలుపెట్టింది. అసలు దొంగ డిస్క్ కాదు, దాన్ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్. దాని ఖరీదు వంద రూపాయల పైచిలుకు!

సపోర్ట్, లైనక్స్ అడ్మిన్, క్లౌడ్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్న మీకు ఈ కథ ఎందుకంటే, ఆ ఇంటర్వ్యూలో నన్ను అడిగింది డిస్కుల గురించి కాదు. తప్పు ఎక్కడుందో తేల్చే పద్ధతి గురించి. ఆ పద్ధతి నేర్చుకోవడానికి ఇంటి సర్వర్‌లోని డిస్కుల పూల్ మంచి బడి.

పూల్ అంటే ఏంటి?

రెండు, మూడు విడి డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద డ్రైవ్‌లా వాడుకోవడమే పూల్. ఈ ఆలోచన కొత్తది కాదు. చవకైన చిన్న డిస్కుల్ని కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేయొచ్చని బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కట్జ్ 1988లో పత్రం రాశారు. 'రెయిడ్' అనే పేరు అక్కడి నుంచే ప్రచారంలోకి వచ్చింది. తర్వాత సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ ఇంకో మెట్టు ఎక్కింది. ప్రతి డేటా ముక్కకూ ఒక చెక్‌సమ్ దాచుకుని, చదివిన ప్రతిసారీ సరిపోల్చుకుంటుంది. డిస్క్ తప్పు డేటా ఇస్తే పట్టేసుకుంటుంది.

అయితే పూల్స్ అన్నీ ఒకటి కాదు. రిపేరుకు దిగేముందు మీది ఏ రకమో తెలియాలి.

ఎల్‌వీఎంతో రెండు డిస్కుల్ని మామూలుగా ఒకదాని వెనక ఒకటి అతికిస్తే జాగా పెరుగుతుంది కానీ రక్షణ ఉండదు. ఒకటి పోతే మొత్తం ఫైల్ సిస్టమే చెడిపోవచ్చు. మిర్రర్‌లో ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ ఉంటుంది, ఒకటి పోయినా నష్టం లేదు. రెయిడ్-5, రెయిడ్-జెడ్1 లాంటివాటిలో డేటాతో పాటు ప్యారిటీ అనే లెక్క కూడా రాసిపెడతారు. ఒక డిస్క్ పోతే మిగతావాటి లెక్కతో తిరిగి తయారుచేసుకోవచ్చు, రెండు పోతే కుదరదు. మెర్జర్‌ఎఫ్‌ఎస్ లాంటి వాటిలో ఏ డిస్క్‌లోని ఫైళ్లు ఆ డిస్క్‌లోనే ఉంటాయి. ఒకటి పోతే అందులో ఉన్నవే పోతాయి.

ముందు చేతులు కట్టుకోండి

పూల్‌లో ఎర్రర్ కనిపించగానే మనకు ఏదో ఒకటి చేసేయాలనిపిస్తుంది. రీస్టార్ట్, ఫార్మాట్, నెట్‌లో కనబడ్డ కమాండ్... అసలు నష్టం చాలాసార్లు ఇక్కడే జరుగుతుంది. మొదటి పది నిమిషాలు చదవడమే, రాయడం వద్దు. కొత్త ఫైళ్లు కాపీ చేయడం ఆపండి. డౌన్‌లోడ్లు నడుస్తుంటే ఆపేయండి. ఫైల్ సిస్టమ్‌ని రిపేర్ చేసే కమాండ్లు ఇప్పుడే నడపొద్దు. పూల్‌ని మళ్లీ కొత్తగా క్రియేట్ చేయడం గురించి అసలు ఆలోచించొద్దు.

ఈలోగా స్క్రీన్ మీద ఉన్నదాన్ని ఫొటో తీసుకోండి, లేదా ఒక ఫైల్‌లో దాచుకోండి. రీస్టార్ట్ చేశాక ఎర్రర్ కౌంట్లు సున్నా అయిపోవచ్చు. సాక్ష్యం పోతే కేసు కూడా పోతుంది.

మూడు చోట్ల చూడండి

మొదటిది పూల్ చెప్పే మాట. జెడ్‌ఎఫ్‌ఎస్ అయితే 'జెడ్‌పూల్ స్టేటస్' కమాండ్ ఇవ్వండి. 'డీగ్రేడెడ్' అని ఉంటే పూల్ కుంటుతోంది కానీ నడుస్తోందని అర్థం. ప్రతి డిస్క్ పక్కన రీడ్, రైట్, చెక్‌సమ్ అని మూడు అంకెలుంటాయి. మొదటి రెండూ చదవలేకపోయిన, రాయలేకపోయిన సందర్భాల లెక్క. మూడోది డిస్క్ డేటా ఇచ్చింది కానీ అది తప్పు డేటా అని. నేను ఇక్కడే ఆగిపోయా. ఈ కమాండ్ ఏ డిస్క్ దారిలో తేడా ఉందో చెబుతుంది. తేడా డిస్క్‌లోనా, దారిలోనా అన్నది చెప్పదు.

రెండోది కెర్నల్ చెప్పే మాట. 'డీమెసేజ్' కమాండ్‌తో లాగ్ తెరిచి, ఆ సమయంలో ఏం జరిగిందో చూడండి. లింక్ తెగి మళ్లీ కలుస్తోంది, వేగం తగ్గించుకుంటోంది అనే వరుసలు పదేపదే కనిపిస్తే కేబుల్, పోర్ట్, పవర్ సప్లయ్ వైపు అనుమానం మళ్లాలి. ఫలానా సెక్టార్ చదవలేకపోయానని, అదీ అదే సెక్టార్ గురించి మళ్లీ మళ్లీ అంటుంటే డిస్క్ మీదే అనుమానం.

మూడోది డిస్క్ తన గురించి తానే చెప్పుకునే మాట. డిస్కుల్లో 'స్మార్ట్' అనే ఆరోగ్య చిట్టా ఉంటుంది. 'స్మార్ట్‌సీటీఎల్' కమాండ్‌తో దాన్ని చదవొచ్చు. పొడవాటి పట్టిక చూసి కంగారు పడొద్దు. సాటా హార్డ్ డిస్కులో ముందు నాలుగు నంబర్లు చూడండి చాలు. 5 అంటే పాడైపోయి, వాటి బదులు వేరే చోటు కేటాయించిన సెక్టార్లు. 197 అంటే చదవలేక, తేలకుండా ఉన్న సెక్టార్లు. 198 అంటే సొంత పరీక్షలో కూడా చదవలేకపోయినవి. ఇవి పెరుగుతుంటే డిస్క్ పోబోతోందనే అనుకోవాలి. 199 సంగతి వేరు. డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా ప్రయాణంలో వచ్చిన తప్పుల లెక్క అది. 5, 197, 198 సున్నా ఉండి 199 మాత్రమే పెరుగుతుంటే ముందు కేబుల్‌ని పట్టుకోండి. నా పాత డిస్క్‌లో సరిగ్గా ఇదే ఉంది. చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఇంకో మాట. కేబుల్ మార్చాక కూడా 199 అంకె తగ్గదు. అది జీవితకాలపు లెక్క. ఇవాళ ఎంతుందో రాసుకుని, వారం తర్వాత పెరిగిందా లేదా అన్నదే చూడాలి.

ఒక్కసారికి ఒక్క మార్పు

అనుమానం కేబుల్ మీద పడిందనుకోండి. కేబుల్, పోర్ట్, పవర్ కనెక్టర్ మూడూ ఒకేసారి మార్చేస్తే సమస్య పోవచ్చు, కానీ ఎందుకు పోయిందో మీకు తెలియదు. సర్వర్ ఆఫ్ చేసి, ముందు కేబుల్ ఒక్కటే మార్చండి. పూల్‌లోని డేటాని మొదటి నుంచి చివరిదాకా చదివి సరిచూసే 'స్క్రబ్' నడపండి. ఎర్రర్లు ఆగాయా? కేబులే. ఆగలేదా? ఇప్పుడు పోర్ట్ మార్చండి. ఆ తర్వాత పవర్. ఒకే పవర్ వైరుకి స్ప్లిటర్లు తగిలించి నాలుగు డిస్కులు వేలాడదీసే అలవాటు మనకు ఎక్కువ, దాన్నీ మర్చిపోవద్దు.

మూత తీసేముందు మరో జాగ్రత్త. లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు రీస్టార్ట్ తర్వాత మారిపోవచ్చు. వాటిని నమ్మి డిస్క్ పీకొద్దు. స్క్రీన్ మీద సీరియల్ నంబర్ చూసి, డిస్క్ స్టిక్కర్ మీద ఉన్నదానితో పోల్చాకే చెయ్యి పెట్టండి. ఒక డిస్క్ ఇప్పటికే బయట ఉన్న రెయిడ్-జెడ్1 పూల్‌లో, పొరపాటున మంచి డిస్క్ పీకేస్తే పూల్ మొత్తం ఆగిపోతుంది.

నిజంగానే డిస్క్ పోతుంటే

197 రోజురోజుకీ పెరుగుతోంది, లేదా డిస్క్ టక్ టక్ మని చప్పుడు చేస్తోంది. అప్పుడు పరీక్షల మీద పరీక్షలు పెట్టొద్దు. చప్పుడు వస్తుంటే కరెంట్ తీసేయండి. పూల్ ఇంకా నడుస్తుంటే మాత్రం, కొత్త డిస్క్‌తో రీబిల్డ్ మొదలుపెట్టకముందే మీకు ముఖ్యమైన ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోండి. ఎందుకంటే రీబిల్డ్‌లో మిగిలిన డిస్కులన్నీ గంటల తరబడి ఏకధాటిగా పనిచేయాలి. ఆ సమయంలో మిగిలినవాటిలో ఇంకోటి చేతులెత్తేస్తే వెనకాల రక్షణ లేదు.

ప్యారిటీ, మిర్రర్ ఏదీ లేని డిస్క్ అయితే 'జీఎన్‌యూ డీడీరెస్క్యూ' వాడండి. ఇది బాగున్న భాగాలను ముందు కాపీ చేసుకుని, మొండికేసే భాగాలను చివరికి వదిలేస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

పూల్ ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు

నా పూల్‌లో అక్క పెళ్లి ఫొటోలున్నాయి. మూడు డిస్కులున్నాయి కదా అన్న ధీమాతో వేరే కాపీ పెట్టుకోలేదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే పూల్ ఆ డిలీట్‌ని కూడా అంతే శ్రద్ధగా అన్ని డిస్కుల్లోనూ అమలు చేస్తుందని అప్పట్లో తట్టలేదు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం గుర్తుపెట్టుకోండి: మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట.

బ్యాకప్ పెట్టుకోవడం ఒక ఎత్తు, అది పనిచేస్తోందా అని చూడటం మరో ఎత్తు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీర్ వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ సర్వర్‌లోని డైరెక్టరీని డిలీట్ చేశారు. రోజూ జరగాల్సిన బ్యాకప్‌లు సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల అసలు జరగడం లేదని అప్పుడు బయటపడింది. ఆ విషయం చెప్పాల్సిన ఈమెయిల్స్ కూడా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి, ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక ఎల్‌వీఎం స్నాప్‌షాట్ ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. కంపెనీ ఈ వివరాలన్నీ దాచకుండా బయటపెట్టింది. ఆ నివేదిక ఒకసారి చదవండి, తప్పుని ఎలా రాయాలో తెలుస్తుంది.

రూపాయి ఖర్చు లేకుండా ప్రాక్టీస్

సర్వర్ లేదని ఆగిపోవద్దు. మీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, అందులో ఉబుంటు పెట్టండి. రెండేసి జీబీల వర్చువల్ డిస్కులు నాలుగు తగిలించండి.

మొదటి ప్రయోగం: మూడు డిస్కులతో రెయిడ్-జెడ్1 పూల్ చేసి కొన్ని ఫైళ్లు పెట్టండి. మెషీన్ ఆఫ్ చేసి ఒక డిస్క్ తీసేయండి. ఆన్ చేస్తే పూల్ 'డీగ్రేడెడ్' అంటుంది కానీ ఫైళ్లు తెరుచుకుంటాయి. ఇప్పుడు నాలుగో డిస్క్‌ని దాని స్థానంలో పెట్టి రీబిల్డ్ అవడం గమనించండి.

రెండో ప్రయోగం: 'డీడీ' కమాండ్‌తో ఒక డిస్క్ మధ్య భాగంలో చెత్త డేటా రాసి, స్క్రబ్ నడపండి. చెక్‌సమ్ అంకె పెరగడం, పూల్ తనంతట తాను బాగుచేసుకోవడం కళ్లారా చూడొచ్చు. ఈ కమాండ్ వర్చువల్ మెషీన్ లోపల మాత్రమే నడపండి. బయట ఒక్క అక్షరం తప్పితే మీ అసలు డిస్క్ ఖాళీ అవుతుంది.

మూడో ప్రయోగం: రెండు డిస్కులు తీసేయండి. పూల్ తెరుచుకోదు. ఏది కాపాడలేమో తెలియడం కూడా చదువే.

వర్చువల్ డిస్కుల్లో స్మార్ట్ చిట్టా దొరకదు. అందుకు లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో ల్యాప్‌టాప్ బూట్ చేసి అసలు డిస్క్ మీదే స్మార్ట్‌సీటీఎల్ నడపండి. అది చదవడమే కాబట్టి ప్రమాదం లేదు. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ అయితే పైన చెప్పిన నంబర్లు కాకుండా వేరే పట్టిక వస్తుంది.

ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలి?

చేసిన ప్రతి ప్రయోగం గురించి ఒక పేజీ రాసి పెట్టుకోండి. ఏం కనిపించింది? ఏమనుకున్నాను? దాన్ని ఎలా పరీక్షించాను? ఏం మార్చాను? మళ్లీ జరగకుండా ఏం చేశాను? ఈ ఐదు ప్రశ్నలకు జవాబులుంటే చాలు. మన హైదరాబాద్‌లో 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ తన క్లౌడ్ రీజియన్ ప్రారంభించింది. అంత పెద్ద చోట డిస్కులు మార్చే తీరు వేరుగా ఉంటుంది కానీ, అక్కడ పనిచేసేవాళ్లయినా తప్పుని వెతికే వరుస ఇదే.

రెజ్యూమెలో 'హోమ్ సర్వర్ నిర్వహణ' అని రాసుకుంటే సరిపోదు. 'పూల్‌లో ఎర్రర్లకు కారణం కేబుల్ అని స్మార్ట్ 199 ద్వారా గుర్తించి సరిచేశాను' అని రాయండి. తప్పు చేసి నేర్చుకుంటే అదీ చెప్పండి. తర్వాతి ఇంటర్వ్యూలో నేను డిస్క్ కాపాడిన కథ చెప్పలేదు, అనవసరంగా డిస్క్ కొన్న కథ చెప్పా. అప్పుడూ 'ఎలా తెలిసింది?' అని అడిగారు. ఈసారి మాత్రం చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది.