‘రంగం’ వెళ్లిన మన పల్లెలు

మ్యాపులో విశాఖపట్నం మీద వేలు పెట్టి తిన్నగా తూర్పుకు జరపండి. సముద్రం దాటాక తగిలేది బర్మా. ఇంచుమించు మన వరసలోనే, కాస్త దిగువన రంగూన్ నగరం ఉంటుంది. ఇప్పుడు దాని పేరు యాంగోన్, దేశం పేరు మయన్మార్. మన పల్లెల్లో పెద్దవాళ్ల నోట మాత్రం అది ‘రంగం’. ‘మా తాత రంగం వెళ్లొచ్చాడు’ అన్న మాట మీ ఊళ్లోనూ వినే ఉంటారు. అంతమంది కడలి దాటింది వరి వల్లనే. అందుకే ఈ సంగతి రైతుల పేజీలో చెప్పుకోవలసి వచ్చింది.

పంట వాళ్లది, మోత మనది

దిగువ బర్మా 1852లో ఇంగ్లీషువారి చేతికి చిక్కింది. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఐరోపాకు దారి దగ్గరైంది. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మాయే.

పండించింది ఎక్కువగా బర్మా రైతులు. మిల్లులో బస్తా మోయడానికి, ధాన్యం ఉడకబెట్టడానికి, ఓడకు ఎగుమతి చేయడానికి మాత్రం మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల కూలీలు కావలసి వచ్చారు. రుతువు కూడా అలాగే కుదిరింది. ఇక్కడ కోతలు, నూర్పులు ముగిసి చేతిలో పని లేని రోజులకు అక్కడ మిల్లులు జోరు మీద ఉంటాయి. ఆ పని తగ్గాక కొందరు ఇంటికొచ్చి దుక్కులు అందుకునేవారు, కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయేవారు.

తొలి చూపు

విశాఖకు హార్బరు రాకముందు ఓడ సముద్రంలోనే లంగరు వేసేది. కూలీలు చిన్న పడవల్లో అలలు దాటి వెళ్లి దాన్ని ఎక్కాలి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ‘జలదుర్గ’ ఓడ లోపలి రేవులోకి వచ్చాక ఆ బాధ తీరింది. ప్రయాణం డెక్కు మీద. ఎండైనా వానైనా అక్కడే.

ఇక్కడ బయల్దేరినవారికి చాలాసేపు కనిపించేది డాల్ఫిన్ నోస్ కొండ. అక్కడ ఒడ్డున అలాంటి కొండ లేదు. ముందు నీటి రంగు మారుతుంది. నీలం పోయి బురద రంగు వస్తుంది. ఓడ నదిలోకి తిరిగి 30 కిలోమీటర్లకు పైగా లోపలికి పోవాలి. రెండు పక్కలా చదునైన నేల. ఆ చదునులోంచి ముందుగా మెరిసేది ష్వేడగాన్ పగోడా బంగారు శిఖరం. దాని ఎత్తు సుమారు 100 మీటర్లు.

మెట్ట పల్లెలో చోడి అంబలి తాగి పెరిగినవాడికి ఆ వరి దేశం ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. విశాఖలో ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన పడితే రంగూన్‌లో 2,700 దాకా పడుతుంది. అందుకే ఇళ్లు గుంజల మీద కట్టుకుంటారు. ధాన్యం కొలత కూడా కొత్తదే. మన పుట్టి, కుంచం అక్కడ చెల్లవు. అక్కడ లెక్క బుట్టల్లో. ఒక బుట్ట ధాన్యం 46 పౌనులు, అంటే దాదాపు 21 కిలోలు. ధర 100 బుట్టలకు పలుకుతుంది. బజార్లో బేరమంతా ఆడవాళ్లదే. కూరలో వేసే చేపల ముద్ద ‘ఙపి’ వాసన మొదట్లో ముక్కు మూయించినా, ఎండుచేప తిన్న భీమిలి వైపు వారికి తొందరగానే అలవాటై ఉంటుంది.

అయినా దిగగానే వినిపించే భాషల్లో మన తెలుగు కూడా ఉండేది. 1931 లెక్కల్లో రంగూన్ జనాభా 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. బర్మావాళ్లు తెలుగువారిని ‘కోరంగీలు’ అనేవారు. అది మన గోదావరి జిల్లా కోరంగి రేవు పేరే.

మేస్త్రీ బాకీ

ఓడ దిగినవాడు ఒంటరిగా దిగేవాడు కాదు, బాకీతో దిగేవాడు. ఊళ్లో అడ్వాన్సు ఇచ్చి, ఓడ చార్జీ పెట్టి తీసుకెళ్లేది మేస్త్రీ. మిల్లు యజమాని కూలి డబ్బు మేస్త్రీకే ఇచ్చేవాడు. వాడు తన కమీషను, బాకీ పట్టుకుని మిగిలింది కూలీకి ఇచ్చేవాడు. పడుకునే చోటు కిక్కిరిసిన గది.

1930లో బియ్యం ధర పడిపోయింది. బాకీ తీర్చలేక బర్మా రైతులు భూములు పోగొట్టుకున్నారు. అదే ఏడాది మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్లను పెట్టుకున్నాయి. తర్వాత రాజీ కుదిరి మనవాళ్లు తిరిగి వస్తే వాళ్లను పొమ్మన్నాయి. మే 26న అల్లర్లు మొదలై వందమందికి పైగా చనిపోయారు. పోట్లాడుకున్న ఇద్దరూ పేదలే.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. లక్షల మంది కొండలు, అడవుల గుండా కాలినడకన ఇండియా దారి పట్టారు. దారిలో రాలిపోయినవారు వేలల్లో ఉన్నారు.

సొంత ఊరే కొత్త దేశం

1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 క్యాట్ నోట్లు రద్దు చేశారు. లక్షకు పైగా భారతీయులు తిరిగొచ్చారు. కొన్ని ఓడలు విశాఖకే వచ్చాయి. కంచరపాలెం వైపు ‘బర్మా క్యాంపు’ ఆ రోజుల గుర్తే. వారిలో చాలామంది పుట్టింది బర్మాలో. మనం ‘తిరిగొచ్చారు’ అన్నాం గాని, వారికి విశాఖే చూడని దేశం. వెళ్లినవాడి తొలి చూపులో కాస్త ఆశ ఉంది. వీరి తొలి చూపులో ఆ పాటి ఆశ కూడా లేదు.

ఇప్పటి మేస్త్రీలు

ఇదంతా పాత కథ అనుకోకండి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను బయటపెట్టారు. కంప్యూటరు ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబరు మోసాలు చేయించారు. మయన్మార్ సరిహద్దులోని అలాంటి శిబిరాల నుంచి 2025 మార్చిలో 500 మందికి పైగా భారతీయులను విమానాల్లో వెనక్కి తెచ్చారు. అడ్వాన్సు, బాకీ, తాళం వేసిన గది! మేస్త్రీ వేషం మారింది, అంతే.

కనుక మీ ఇంట్లో కుర్రాడు విదేశం వెళ్తానంటే ఆపక్కర్లేదు. ఎకరం అమ్మే ముందు నాలుగు సంగతులు చూడండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా? వీసా ఉద్యోగానిదా, ఊరు చూసి వచ్చేదా? ఉద్యోగ పత్రంలో యజమాని పేరు, జీతం రాసి ఉన్నాయా? ఇచ్చిన డబ్బుకు రసీదు ఉందా? వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా డబ్బు కట్టకండి. పాస్‌పోర్టు, పత్రాల నకళ్లు ఒక జత ఇంట్లో పెట్టుకోండి. అక్కడి భారత రాయబార కార్యాలయం ఫోను నంబరు కుర్రాడి చేతికివ్వండి.

రంగం వెళ్లిన తాతకు ఇవేవీ అడిగే వీలు లేదు. మీకుంది.