కారు ఇంజిన్‌కు కొత్త గాలి గొట్టం: లాభమెంత, నష్టమెంత?

కారు బానెట్ ఎత్తి చూస్తే ఇంజిన్ పైనో, పక్కనో ఒక నల్లటి ప్లాస్టిక్ డబ్బా కనిపిస్తుంది. అందులో ముడతలు ముడతలుగా మడిచిన కాగితపు ఫిల్టర్ ఉంటుంది. బయటి గాలి ఈ ఫిల్టర్ గుండా వెళ్లి, ఒక గొట్టం ద్వారా ఇంజిన్‌లోకి చేరుతుంది. ఈ డబ్బాను తీసేసి, దాని స్థానంలో నున్నటి అల్యూమినియం గొట్టాన్ని, శంకువు ఆకారంలో ఉండే ఫిల్టర్‌ను ఇంట్లోనే బిగించుకునే కారు ప్రియులు మన దేశంలోనూ ఉన్నారు. స్క్రూడ్రైవర్, 10 నంబరు స్పానర్ చేతిలో ఉంటే గంటా రెండు గంటల్లో అయిపోయే పని ఇది. ఇంజిన్‌కు గాలి ఎక్కువ అందుతుంది, పికప్ పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుంది అని ఈ కిట్లు అమ్మేవారు చెబుతారు. ఈ మాటల్లో ఎంత నిజముందో తేల్చుకోవడానికి హైస్కూలు భౌతికశాస్త్రం చాలు.

ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుంది?

పెట్రోలు పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోకు కాస్త తక్కువ. అంటే లీటరు పెట్రోలు మండటానికి దాదాపు 11 కిలోల గాలి అవసరం. ఘనపరిమాణంలో చెప్పాలంటే ఇది సుమారు 9 వేల లీటర్లు. మనం డబ్బు పెట్టి కొనేది పెట్రోలే అయినా ఇంజిన్ ఎక్కువగా వాడుకునేది గాలినే.

ఇంజిన్ శక్తి పెరగాలంటే ప్రతి స్ట్రోకులోనూ సిలిండర్‌లోకి ఎక్కువ బరువున్న గాలి చేరాలి. ఇక్కడ గమనించాల్సింది గాలి పరిమాణం కాదు, బరువు. సిలిండర్ పరిమాణం మారదు కాబట్టి గాలి బరువు పెంచడానికి రెండే దారులు. ఒకటి, దారిలో అడ్డంకి తగ్గించి పీడనాన్ని నిలబెట్టడం. రెండోది, గాలిని చల్లగా అందించడం. చల్లని గాలి సాంద్రత ఎక్కువ.

అసలు అడ్డంకి ఎక్కడ?

సముద్ర మట్టం వద్ద వాతావరణ పీడనం సుమారు 101 కిలోపాస్కల్స్. ఫిల్టర్, డబ్బా, గొట్టం కలిసి ఇంజిన్ పూర్తి వేగంలో ఉన్నప్పుడు ఇందులో 3 కిలోపాస్కల్స్ తినేస్తున్నాయని అనుకుందాం. ఆ అడ్డంకిని సున్నా చేయగలిగినా మనకు దక్కే లాభం 3 శాతమే. ఏ ఫిల్టరూ అడ్డంకిని సున్నా చేయలేదు కాబట్టి నిజమైన లాభం అంతకంటే తక్కువే ఉంటుంది.

అదీ యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే. పెట్రోలు కారులో గాలి దారికి అడ్డంగా థ్రాటిల్ అనే చిన్న పళ్లెం లాంటి తలుపు ఉంటుంది. మనం యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునేది ఇదే. సిటీ ట్రాఫిక్‌లో ఇది చాలావరకు మూసుకునే ఉంటుంది. అప్పుడు థ్రాటిల్ దాటిన తర్వాత గాలి పీడనం వాతావరణ పీడనంలో సగం కంటే కూడా తగ్గవచ్చు. తలుపు మూసిపెట్టి కిటికీ దోమతెర పలుచగా ఉందా, దళసరిగా ఉందా అని ఆలోచించినట్టే, అలాంటప్పుడు ఫిల్టర్ అడ్డంకి లెక్కలోకే రాదు.

మైలేజీ పెరుగుతుందన్న మాట ఇక్కడే వీగిపోతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన నివేదిక ఈ విషయాన్ని పరీక్షించింది. ఫిల్టర్లు బాగా పూడుకుపోయినట్టు చేసి కార్లను నడిపితే, కంప్యూటర్ నియంత్రణతో ఇంధనాన్ని చిమ్మే ఆధునిక ఇంజిన్లలో మైలేజీ చెప్పుకోదగ్గంతగా మారలేదు. వేగం పుంజుకోవడంలో మాత్రం తేడా కనిపించింది. పూడుకుపోయిన ఫిల్టరే మైలేజీని తగ్గించలేనప్పుడు, శుభ్రంగా ఉన్న ఫిల్టర్‌ను మార్చి మైలేజీ పెంచడం ఎలా సాధ్యం?

10 డిగ్రీలతో పోయే లాభం

ఇప్పుడు ఉష్ణోగ్రత సంగతి చూద్దాం. పీడనం మారకపోతే వాయువు సాంద్రత దాని పరమ ఉష్ణోగ్రతకు విలోమానుపాతంలో ఉంటుంది. 27 డిగ్రీల సెల్సియస్ అంటే 300 కెల్విన్లు. కాబట్టి గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత ఇంచుమించు 1 శాతం తగ్గుతుంది. పైన చెప్పుకున్న 3 శాతం లాభమంతా హరించుకుపోవడానికి గాలి 9, 10 డిగ్రీలు వేడెక్కితే చాలు.

కంపెనీ బిగించిన డబ్బాకు చాలా కార్లలో ఒక ముక్కు ఉంటుంది. అది రేడియేటర్ గ్రిల్ దగ్గరో, ముందు చక్రం పైభాగంలోనో తెరుచుకుని బయటి గాలిని తీసుకుంటుంది. అంటే కంపెనీ ఇచ్చిన ఏర్పాటే చల్లని గాలి కోసం చేసినది. దాన్ని తీసేసి శంకువు ఫిల్టర్‌ను బానెట్ కింద బహిరంగంగా పెడితే, అది రేడియేటర్, సైలెన్సర్ గొట్టాలు వేడి చేసిన గాలిని పీలుస్తుంది. బానెట్ కింద 60 డిగ్రీల వేడి ఉందనుకుంటే, 25 డిగ్రీల గాలితో పోలిస్తే దాని సాంద్రత 10 శాతానికి పైగా తక్కువ. విజయవాడలోనో, నాగ్‌పుర్‌లోనో మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగిన కారు బానెట్ కింద అంత వేడి పుట్టడం పెద్ద విషయమేమీ కాదు. శక్తి పెరగడానికి పెట్టిన పరికరం అప్పుడు శక్తిని తగ్గిస్తుంది. వేడి గాలితో ఇంజిన్‌లో నాకింగ్ అవకాశం కూడా పెరుగుతుంది. దాన్ని ఆపడానికి కంప్యూటర్ స్పార్క్ సమయాన్ని వెనక్కి జరుపుతుంది. దాంతో శక్తి మరికొంత పోతుంది.

అందుకే మంచి కిట్లలో ఫిల్టర్ చుట్టూ వేడిని ఆపే కవచం గానీ, మూసిన పెట్టె గానీ ఉంటుంది. అది లేని కిట్ జోలికి పోకపోవడమే మంచిది.

బిగించేటప్పుడు ఏది ఎందుకు?

అన్నీ తెలిసే ప్రయత్నిస్తున్నవారు ప్రతి పని వెనుక ఉన్న కారణాన్ని గుర్తుంచుకోవాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే పని మొదలుపెట్టాలి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీయాలి. దీనివల్ల స్పానర్ తగిలి షార్ట్ అయ్యే ప్రమాదం ఉండదు.

పాత గొట్టం తీయగానే థ్రాటిల్ నోటిని శుభ్రమైన గుడ్డతో మూయాలి. చిన్న నట్టు, వాషర్ లోపల పడినా వాల్వులు, పిస్టన్ దెబ్బతింటాయి. బిగించే ముందు ఆ గుడ్డను తీయడం మరచిపోకూడదు.

పాత గొట్టానికి ఉన్న సెన్సర్‌ను జాగ్రత్తగా తీసి కొత్త గొట్టంలో అదే దిశలో బిగించాలి. కొన్ని కార్లలో ఇది గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్. వేడిచేసిన సన్నని తీగను గాలి ఎంతగా చల్లబరుస్తోందో చూసి, ఎంత బరువు గాలి వెళ్తోందో అది లెక్కిస్తుంది. ఈ లెక్క గొట్టం వ్యాసంపై ఆధారపడి ఉంటుంది. గొట్టం వెడల్పు పెరిగితే గాలి వేగం తగ్గి, సెన్సర్ గాలిని తక్కువగా లెక్కిస్తుంది. కంప్యూటర్ ఆ మేరకు పెట్రోలు తగ్గిస్తుంది. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ సాయంతో కంప్యూటర్ ఈ పొరపాటును కొంతవరకు సర్దుకోగలదు. ఆ పరిధి దాటితే డాష్‌బోర్డుపై ఇంజిన్ లైటు వెలుగుతుంది. తీగ సెన్సర్‌కు బదులు పీడన సెన్సర్ వాడే కార్లలో ఈ ఇబ్బంది తక్కువ.

ఇంజిన్ కింది భాగం నుంచి వచ్చే ఆవిరి గొట్టాన్ని కొత్త పైపుకు తప్పకుండా కలపాలి. దాన్ని తెరిచి వదిలేస్తే నూనె ఆవిరులు గాలిలో కలుస్తాయి. ఇంజిన్ కూడా ఫిల్టర్ కాని గాలిని పీల్చవచ్చు.

రబ్బరు కీళ్ల మీది క్లిప్పులన్నీ బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేసి, ఈల లాంటి శబ్దం వస్తోందేమో వినాలి. వస్తే ఎక్కడో గాలి కారుతోందని అర్థం. ఇంజిన్ కదిలినప్పుడు గొట్టం దేనికైనా రాసుకుంటోందా అన్నది కూడా చూడాలి. వేడికి రబ్బరు సర్దుకుంటుంది కాబట్టి 100 కిలోమీటర్లు నడిపాక క్లిప్పులను మరోసారి బిగించాలి.

దుమ్ము లెక్క

మన రోడ్ల మీద అన్నిటికంటే ముఖ్యమైనది దుమ్ము. ఇసుక రేణువుల్లో ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ స్కేలుపై 7. మామూలు ఇనుమును గీయగలిగేంత గట్టిది. ఇది సిలిండర్ గోడకు, పిస్టన్ రింగులకు మధ్య చేరితే గరుకు కాగితంలా పనిచేస్తుంది.

లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు 15,000 కిలోమీటర్లు తిరగడానికి 830 లీటర్లకు పైగా పెట్రోలు తాగుతుంది. అందుకు సుమారు 75 లక్షల లీటర్ల గాలి కావాలి. అంటే 7,500 ఘనమీటర్లు. దుమ్ము దారిలో ఘనమీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున దుమ్ము ఉందనుకుంటే ఫిల్టర్ ముందుకు వచ్చేది 7.5 గ్రాములు. 99 శాతం దుమ్మును ఆపే ఫిల్టర్ లోపలికి వదిలేది 0.075 గ్రాములు. 97 శాతం ఆపేది వదిలేది 0.225 గ్రాములు. చూడటానికి 2 శాతమే తేడా అనిపించినా ఇంజిన్‌కు చేరే దుమ్ము మూడు రెట్లు.

గాలిని సులువుగా వదలాలన్నా, దుమ్మును గట్టిగా పట్టాలన్నా ఫిల్టర్ వైశాల్యం పెరగాలి. వైశాల్యం పెంచకుండా రంధ్రాలను పెద్దవి చేసి గాలిని ఎక్కువ వదిలితే దాంతో పాటు దుమ్మూ ఎక్కువ వెళ్తుంది. ఫిల్టర్లను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 5011. కొనే ముందు ఆ పరీక్ష ఫలితాలు ఉన్నాయేమో అడగాలి. నూనె పూసిన నూలు ఫిల్టరైతే, కడిగిన తర్వాత నూనె అతిగా పూయకూడదు. ఆ నూనె సెన్సర్ తీగకు అంటుకుంటే కొలత తప్పుతుంది.

వానాకాలంలో ప్రమాదం

చల్లని గాలి కోసం కొన్ని కిట్లు ఫిల్టర్‌ను బంపర్ వెనుక, నేలకు దగ్గరగా పెడతాయి. రోడ్డు మీద నీరు నిలిచినప్పుడు ఇదే పెద్ద ముప్పు. గాలి నొక్కితే కుదించుకుంటుంది, నీరు కుదించుకోదు. 4 సిలిండర్ల 1.2 లీటర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 మిల్లీలీటర్లు. కంప్రెషన్ నిష్పత్తి 10 అయితే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 33 మిల్లీలీటర్లే. చిన్న టీ గ్లాసులో సగం కూడా ఉండని ఆ నీరు లోపలికి చేరితే పిస్టన్ పైకి రాలేదు. కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రాలిక్ లాక్ అంటారు.

2015 డిసెంబరులో చెన్నై, 2024 సెప్టెంబరులో విజయవాడ వరదల్లో మునిగినట్టు మన నగరాలు మునిగినప్పుడు కంపెనీ డబ్బా ముక్కు ఎత్తులో ఉండటం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. నీటిలో ఆగిపోయిన కారును మళ్లీ స్టార్ట్ చేయకూడదు. మామూలు బీమా పాలసీలు చాలావరకు ఈ నష్టాన్ని భరించవు. ఇంజిన్ రక్షణకు ప్రత్యేకంగా అదనపు పాలసీ తీసుకోవాల్సి ఉంటుంది.

చప్పుడు పెరిగితే శక్తి పెరిగినట్టేనా?

కంపెనీ గొట్టం పక్కన ఖాళీ ప్లాస్టిక్ గదులు కొన్ని కనిపిస్తాయి. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం పలుకుతుంది కదా, ఈ గదులు పనిచేసేదీ అదే సూత్రంపై. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ పేరుతో పిలిచే ఈ అనునాదకాలు కొన్ని పౌనఃపున్యాల చప్పుడును మింగేస్తాయి. కొత్త కిట్‌లో ఇవి ఉండవు. అందుకే ఇంజిన్ గర్జిస్తుంది. చెవికి తెలిసే ఈ మార్పును చాలామంది పికప్ పెరగడంగా పొరబడతారు.

ముందు కొలవండి, తర్వాత కొనండి

మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనంలో చేసే మార్పులపై పరిమితులు విధిస్తోంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కారు వారంటీలో ఉంటే ఆ షరతులనూ చదువుకోవాలి.

వీటన్నిటి కంటే ముందు మీ కారునే అడగవచ్చు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న బ్లూటూత్ పరికరం తగిలిస్తే, ఇంజిన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత ఫోన్‌లో కనిపిస్తుంది. ట్రాఫిక్‌లోనూ, హైవే మీదా దాన్ని రాసుకుని, ఆనాటి బయటి ఉష్ణోగ్రతతో పోల్చండి. ఈ పరిశీలన అప్పుడు పక్క సీట్లో ఉన్నవారు చేయాలి, నడిపేవారు కాదు. హైవే మీద రెండింటి మధ్య తేడా కొద్ది డిగ్రీలే ఉంటే మీ కంపెనీ డబ్బా తన పని చక్కగా చేస్తోందని అర్థం. అప్పుడు కొత్త గొట్టం కంటే, సర్వీసు పుస్తకంలో చెప్పిన సమయానికి, దుమ్ము ఎక్కువ ఉన్నచోట ఇంకా ముందే మార్చే కొత్త కాగితపు ఫిల్టరే ఇంజిన్‌కు మేలు చేస్తుంది. దాని ధర కిట్ ధరలో చిన్న భాగమే.