ఏడుంబావు డాలర్ల దగ్గర ఆగిన చట్టం

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లో ఒక గంట పనికి యజమాని ఎంతకు తగ్గకుండా చెల్లించాలో, అంటే కనీస వేతనం ఎంతో, రెండు స్థాయుల చట్టాలు నిర్ణయిస్తాయి. దేశమంతటికీ వర్తించే ఫెడరల్ రేటును జాతీయ చట్టసభ అయిన కాంగ్రెస్ నిర్ణయిస్తే, అంతకంటే ఎక్కువ రేటు పెట్టుకునే స్వేచ్ఛ రాష్ట్రాలకు ఉంటుంది. రెండూ వర్తించే చోట ఏది ఎక్కువైతే అదే కార్మికునికి దక్కుతుంది. ఫెడరల్ రేటు 2009 జులై 24న 7.25 డాలర్లకు చేరింది, ఆ తర్వాత ఒక్క సెంటు కూడా పెరగలేదు. 1938లో చట్టం పుట్టినప్పటి నుంచి ఇంత దీర్ఘకాలం రేటు కదలకుండా ఉన్నది ఇదే మొదటిసారి. ఇదే కాలంలో కొన్ని రాష్ట్రాలు దానికి రెట్టింపు దాటిపోయాయి. ఇంతటి అంతరం ఏర్పడటానికి రాజకీయ విభేదాలు ఎంత కారణమో, చట్టాన్ని రాసిన తీరు కూడా అంతే కారణం.

నిజానికి ఈ విషయంలో ముందడుగు వేసింది రాష్ట్రాలే. 1912లో మసాచుసెట్స్ తొలి కనీస వేతన చట్టాన్ని చేసింది. అది స్త్రీలకు, మైనర్లకు మాత్రమే ఉద్దేశించినది, యజమానులను గట్టిగా కట్టడి చేసే శక్తి కూడా దానికి లేదు; అయినా పదేళ్లలో డజనుకు పైగా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. వాటికి అడ్డుపడింది సుప్రీంకోర్టు. యజమాని, కార్మికుడు తమకు నచ్చిన షరతులపై ఒప్పందం చేసుకోవచ్చనీ, అందులో ప్రభుత్వం తలదూర్చరాదనీ చెప్పే ‘ఒప్పంద స్వేచ్ఛ’ సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని, 1923లో రాజధాని ప్రాంతపు చట్టాన్నీ, 1936లో న్యూయార్క్ చట్టాన్నీ అది కొట్టివేసింది. ఆకలితో ఉన్నవారికీ, పని ఇచ్చేవారికీ మధ్య సమాన స్వేచ్ఛ ఉంటుందన్న ఈ ఊహ మహామాంద్యం నాటి నిరుద్యోగం ముందు నిలవలేకపోయింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని వెనాచీ పట్టణంలో ఒక హోటల్‌లో గదులు శుభ్రం చేసే ఎల్సీ పారిష్, 48 గంటల వారానికి రాష్ట్రం నిర్ణయించిన 14.50 డాలర్ల కంటే తనకు తక్కువ ముట్టిందంటూ, రావలసిన 216 డాలర్ల బకాయి కోసం దావా వేసింది. 1937లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. నలుగురు వ్యతిరేకించిన ఆ తీర్పుతో కనీస వేతన చట్టాలకు రాజ్యాంగపరమైన అడ్డంకి తొలగింది.

మరుసటి ఏడాది, 1938లో, అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకంతో ‘ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్’ చట్టం వచ్చింది. అధ్యక్ష మంత్రివర్గంలో తొలి మహిళ, కార్మిక శాఖ అధిపతి అయిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ దీనికోసం ఏళ్ల తరబడి పాటుపడ్డారు. గంటకు 25 సెంట్లతో మొదలైన ఆ రేటు వర్తించిన పరిశ్రమల్లో దేశంలోని శ్రామికుల్లో అయిదో వంతు మాత్రమే పనిచేసేవారు. వ్యవసాయ కూలీలనూ, ఇళ్లలో పనిచేసేవారినీ చట్టం పరిధి నుంచి తప్పించారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ పనులు చేసేవారిలో నల్లజాతివారే అధికం కావడమూ, ఆ రాష్ట్రాల సభ్యుల ఓట్లు లేనిదే బిల్లు గట్టెక్కే అవకాశం లేకపోవడమూ ఈ మినహాయింపును అర్థం చేసుకోవడానికి గుర్తుంచుకోవలసిన విషయాలు.

ఆ తర్వాతి మూడు దశాబ్దాల్లో రేటు నిలకడగా పెరిగింది. 1950లో 75 సెంట్లు, 1956లో ఒక డాలరు, 1968లో 1.60 డాలర్లు. అయితే రేటు పెంపు కంటే ముఖ్యమైనది 1966 నాటి సవరణ. ఆసుపత్రులు, పాఠశాలలు, హోటళ్లు, రెస్టారెంట్లు, లాండ్రీలు, పెద్ద వ్యవసాయ క్షేత్రాలు ఆ సవరణతోనే చట్టం కిందికి వచ్చాయి. ఇంటిపనివారికి 1974 దాకా ఆగవలసి వచ్చింది. కొత్తగా చేరిన ఈ రంగాల్లో నల్లజాతి కార్మికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆ కాలంలో నల్లజాతివారికీ, శ్వేతజాతివారికీ మధ్య సంపాదనలో తగ్గిన వ్యత్యాసంలో అయిదో వంతుకు పైగా ఈ సవరణ వల్లనే సాధ్యమైందని ఎల్లోరా డెరెనన్‌కోర్ట్, క్లేర్ మోంటియాలూ అనే ఆర్థికవేత్తలు 2021లో ప్రచురించిన అధ్యయనంలో లెక్కగట్టారు. ఎంత ఇవ్వాలన్న ప్రశ్నతో సమానంగా ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకూ బరువుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

1968 నాటి 1.60 డాలర్లు 2024 ధరల్లో 14 డాలర్లకు పైమాటే. కొనుగోలు శక్తి దృష్ట్యా ఫెడరల్ రేటు ఆ శిఖరాన్ని మళ్లీ అందుకోలేదు. కాగితం మీద 1981లో 3.35, 1991లో 4.25, 1997లో 5.15 డాలర్లంటూ అంకెలు పెరిగినా, 1981 నుంచి 1990 దాకా ఒకసారి, 1997 నుంచి 2007 దాకా మరోసారి రేటు గడ్డకట్టుకుపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ కనీస వేతనానికి కరువు భత్యం జోడించి, ధరల సూచీ పెరుగుదలనుబట్టి ఆరు నెలలకోసారి దాన్ని సవరించే ఏర్పాటు ఉంది. అటువంటి ఏర్పాటేదీ అమెరికా ఫెడరల్ చట్టంలో లేదు. ప్రతి పెంపుకూ కాంగ్రెస్ కొత్త చట్టం చేయాలి. చేయని ప్రతి సంవత్సరం ధరలు పెరిగిన మేరకు వేతనం లోలోపల కోతకు గురవుతుంది. 2009 తర్వాత 2024 నాటికే 7.25 డాలర్లు దాదాపు 30 శాతం విలువ కోల్పోయాయి. వారానికి 40 గంటల చొప్పున ఏడాది పొడవునా సెలవు లేకుండా పనిచేసినా ఈ రేటుతో వచ్చేది 15,080 డాలర్లే. ఎవరూ ఓటు వేయకుండా, ఎవరూ బాధ్యత వహించకుండా జరిగిపోతున్న ఈ కోత అన్యాయమైనది.

ఈ లోటును కొన్ని రాష్ట్రాలు వేరే దారిలో పూడ్చుకున్నాయి. 1998లో వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు నేరుగా బ్యాలెట్ ద్వారా తమ కనీస వేతనాన్ని ధరల సూచీకి ముడిపెట్టారు. 2001 నుంచి అక్కడ రేటు ఏటేటా దానంతటదే మారుతోంది. 2012లో న్యూయార్క్ ఫాస్ట్‌ఫుడ్ కార్మికులు గంటకు 15 డాలర్లు కోరుతూ సమ్మెకు దిగాక ఆ డిమాండు దేశమంతా పాకింది, 2016లో కాలిఫోర్నియా, న్యూయార్క్ దాన్ని చట్టంగా ఆమోదించాయి. 2025లో వాషింగ్టన్ రాష్ట్రంలో రేటు 16.66 డాలర్లు, కాలిఫోర్నియాలో 16.50 డాలర్లు, వాషింగ్టన్‌కు పొరుగునున్న ఐడహోలోనూ, టెక్సస్‌లోనూ ఇంకా 7.25 డాలర్లే. వాషింగ్టన్‌లోని పుల్‌మన్, ఐడహోలోని మాస్కో అనే రెండు విశ్వవిద్యాలయ పట్టణాల మధ్య దూరం 15 కిలోమీటర్ల లోపే అయినా, చట్టం ఇచ్చే హామీ సరిహద్దు దాటగానే సగం కంటే తక్కువకు పడిపోతుంది. చదువుకుంటూ వారానికి 20 గంటలకు మించకుండా క్యాంపస్‌లో పనిచేసుకునే తెలుగు విద్యార్థులకు సైతం చట్టపు హామీ వారు చేరిన రాష్ట్రాన్నిబట్టే మారుతుంది.

వేతనం పెంచితే ఉద్యోగాలు పోతాయన్న వాదన ఈ చర్చ అంతటా వినిపిస్తుంది, దాన్ని తేలిగ్గా తోసిపుచ్చడానికీ లేదు. 1992లో న్యూజెర్సీ తన రేటును 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచగా, పక్కనున్న పెన్సిల్వేనియా పాత రేటులోనే ఉండిపోయింది. రెండు వైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లను పెంపుకు ముందూ తర్వాతా పోల్చి చూసిన డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్‌లకు న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన ఆనవాలు కనిపించలేదు. 2021లో కార్డ్‌కు నోబెల్ బహుమతి తెచ్చిన కృషిలో ఇది ఒక ప్రధాన భాగం. అయితే ఒక మోస్తరు పెంపునకు వర్తించిన ఫలితం రెట్టింపు పెంపునకు వర్తించాలని లేదు. ఫెడరల్ రేటును దశలవారీగా 15 డాలర్లకు చేరిస్తే 9 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారనీ, 14 లక్షల ఉద్యోగాలు తగ్గుతాయనీ కాంగ్రెస్‌కు చెందిన బడ్జెట్ కార్యాలయం 2021లో అంచనా వేసింది. అంచనాలోని ఈ రెండు అంకెల్లో తమకు అనువైనదాన్నే ఇరుపక్షాలూ ఎత్తి చూపడం వల్ల చర్చ ముందుకు సాగడం లేదు.

టిప్పుల మీద ఆధారపడే హోటల్ సర్వర్ల స్థితి మరీ విచిత్రం. టిప్పులు కలిపితే కనీస వేతనానికి సరిపోయే పక్షంలో యజమాని తన వంతుగా గంటకు 2.13 డాలర్లు చెల్లిస్తే చాలని ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది, ఆ 2.13 డాలర్ల అంకె 1991 నుంచి మారలేదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్, మిన్నెసోటా వంటి ఏడు రాష్ట్రాలు మాత్రమే ఈ సడలింపును పూర్తిగా నిరాకరించాయి.

ఫెడరల్ రేటును 15 డాలర్లకు పెంచే ప్రతిపాదనను కాంగ్రెస్ ఎగువ సభ అయిన సెనేట్ 2021 మార్చిలో 58–42 ఓట్లతో తిరస్కరించింది. అంతకు నాలుగు నెలల ముందే ఫ్లోరిడాలో రిపబ్లికన్ అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్‌ను గెలిపించిన ఎన్నికలోనే, దాదాపు 61 శాతం ఓటర్లు 2026 సెప్టెంబరు 30 నాటికి తమ కనీస వేతనం 15 డాలర్లకు చేరేలా, ఆపై ధరల సూచీతో పాటు మారేలా రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించుకున్నారు. ఆ రాష్ట్రానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న అలబామాకు సొంత కనీస వేతన చట్టమే లేదు. జార్జియా చట్టంలో ఉన్న రేటు 5.15 డాలర్లు. ఈ రెండు చోట్లా అత్యధిక కార్మికులకు వర్తిస్తున్నది 2009 నాటి ఫెడరల్ రేటే.