చిన్న కారు... చిరుత పరుగు!

వీధిలో నిలబెడితే స్విఫ్టు పక్కన పెద్ద తేడా కనిపించదు. ముందు జాలీకి ఓ సన్నటి ఎర్రగీత, పక్కన 'జీటీఐ' అని మూడక్షరాలు... అంతే! యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ఏడు సెకన్లు దాటగానే వంద కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అదే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ. ఇలాంటి కార్లనే 'హాట్ హ్యాచ్' అంటారు. అంటే, చూడ్డానికి ఇంటిల్లిపాదీ తిరిగే చిన్నకారు, లోపల పందెం కారు గుండె.

ఈ సరదా జర్మనీలో మొదలైంది. ఫోక్స్‌వ్యాగన్ ఇంజినీర్లు కొందరు డ్యూటీ అయ్యాక గుట్టుగా పనిచేసి గోల్ఫ్ కారుకు 110 హార్స్‌పవర్ ఇంజిన్ బిగించారు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో పెట్టి, 1976లో అమ్మకానికి తెచ్చారు. అయిదువేలు అమ్ముడైతే చాలనుకున్నారు. తీరా చూస్తే ఆ మొదటి తరం కార్లే నాలుగున్నర లక్షలు దాటాయి! సీట్లకు గళ్ల బట్ట, గేరు రాడ్డుకు గోల్ఫ్ బంతిలాంటి పిడి... ఇప్పటికీ అభిమానులు మురిసిపోయే గుర్తులవి.

మన దేశానికి పోలో జీటీఐ 2016 నవంబరులో విదేశాల నుంచి నేరుగా దిగుమతై వచ్చింది. 99 కార్లే తెస్తామన్నారు. 192 హార్స్‌పవర్, ధర దాదాపు 26 లక్షలు. ఆ ధరకు పెద్ద కారే వస్తుంది కదా అని జనం వెనకాడారు. తర్వాత 20 లక్షలకు దించారు. ఆ కార్లే ఇప్పుడు అడపాదడపా పాత కార్ల ప్రకటనల్లో కనిపించి కుర్రకారును ఊరిస్తున్నాయి.

కువైట్ నుంచి తెచ్చుకోవచ్చా?

కడప జిల్లా నుంచి కువైట్ వెళ్లి డ్రైవర్లుగా పనిచేసినవాళ్లు ఎందరో. బద్వేలు చుట్టుపక్కలా అలాంటి ఇళ్లున్నాయి. 'అక్కడ చవగ్గా దొరుకుతుంది, తెచ్చేసుకుంటే పోలా' అన్న ఆలోచన సహజం. కానీ కుదరదు. దిగుమతి చేసే పాత కారు మూడేళ్లకు మించినది కాకూడదు, స్టీరింగ్ కుడివైపే ఉండాలి. కువైట్‌లో స్టీరింగ్ ఎడమవైపు! పైగా పన్నులన్నీ కలిపితే కారు విలువను మించిపోతాయి. యాభై ఏళ్లు దాటిన వింటేజ్ కార్లకు 2025లో నిబంధన సడలించారు. 1976 గోల్ఫ్‌కు 2026తో ఆ వయసు వస్తుంది. అయితే వింటేజ్ కింద రిజిస్టరైన బండిని రోజూ తిప్పడానికి లేదు. ప్రదర్శనలకూ ర్యాలీలకే.

కొనేముందు...

కాబట్టి దారి ఒక్కటే, ఇక్కడ ఉన్నవాటిలో ఒకటి కొనడం. బెంగళూరులోనో హైదరాబాదులోనో బేరం కుదిరితే కారు కన్నా ముందు కాగితాలు చూడండి. ఆర్సీలో ఇంజిన్, ఛాసిస్ నంబర్లు సరిపోవాలి. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రం ఉండాలి. పక్క రాష్ట్రం కారైతే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. బేరమాడేటప్పుడు ఆ సొమ్మూ లెక్కలో వేసుకోండి.

ఇక రిపేరు సంగతి. ఇందులోని 1.8 లీటర్ల ఇంజిన్ రకం స్కోడా కార్లలోనూ వచ్చింది కనుక తెలిసిన మెకానిక్కులు నగరాల్లో దొరుకుతారు. ఏడు గేర్ల డీఎస్‌జీ గేరుబాక్సు పాడైతే మాత్రం ఖర్చు గట్టిగానే ఉంటుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా నడిపి చూడండి. కుదుపులు వస్తే వదిలేయండి. ఈ కారుకు పక్క తలుపులు రెండే. మన దగ్గర తయారైన మామూలు పోలో తలుపులు దీనికి పట్టవు. ఎవరైనా గుద్దితే విదేశాల నుంచి తెప్పించుకోవాల్సిందే.

నెల్లూరు హైవే మీద ఈ బండి హుషారే వేరు. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ల దగ్గర మాత్రం నెత్తిన నీళ్లకుండతో నడిచినట్లు నడపాలి. ఇంట్లో ఇంకో కారు ఉంటే సరదాకి ముచ్చటగా ఉంటుంది. ఉండబోయేది ఇదొక్కటే అయితే... ముందు సీటు మడిచి అమ్మనో నాయనమ్మనో ఓసారి వెనక్కి ఎక్కించి చూశాకే అడ్వాన్సు ఇవ్వండి!