మీకు తెలుసా? మర ఆగినా కరెంటు ఆగదు

చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులోనైనా, గుంటూరు కారం మిల్లులోనైనా మర ఆపడానికి ఎర్ర బటన్ నొక్కుతారు. ఆ బటన్ ఆపేది స్టార్టరులోని చిన్న కాయిల్‌కు అందే కరెంటునే. 415 వోల్టులు స్టార్టరు దాకా వచ్చి అక్కడే ఉంటాయి. రోలరులో ఇరుక్కున్న దూదిని ఒకరు లాగుతుండగా, ఇంకొకరు తెలియక పచ్చ బటన్ నొక్కితే చెయ్యి పోతుంది. అందుకే మెయిన్ దించి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాకే లోపల చెయ్యి పెట్టాలి. పొరపాటున మళ్లీ ఆన్ అయ్యే వీలున్న స్విచ్‌కు తాళం ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం (1948) 24వ సెక్షనే చెప్పింది.

ఇంకో సంగతి: ఎంసీబీ ప్రధానంగా కాపాడేది వైరును. మనిషికి షాకు కొడితే ఆదుకునేది 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ.

నడుస్తుండగా ఒక ఫేజు పోతే మోటారు వెంటనే ఆగదు. మూలుగుతూ, మిగతా రెండు ఫేజుల్లో ఎక్కువ కరెంటు లాగి వైండింగు కాల్చుకుంటుంది. దాన్ని ఆపాల్సింది ఓవర్‌లోడ్ రిలే, సింగిల్ ఫేజు ప్రివెంటరు. ఫ్యూజు పోయినచోట లావు రాగితీగ చుట్టారంటే, అది తెగక వైరు వేడెక్కుతుంది; పక్కనే ఎగిరే దూదిపొట్టు అంటుకోవచ్చు.